పేషెంటు వింటున్నాడనుకుని మాట్లాడు

చల్లపల్లి,
ఆదివారం

చి. బుజ్జికి,

  

మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు ఓపీ నిండా జనం. ఏదో రెండు మాటలు చెప్పి పెట్టేశాను. కానీ నువ్వడిగింది మనసులో అలాగే ఉండిపోయింది. ఎథిక్స్ క్లాసు ఇప్పుడు ఆన్‌లైన్లో పెడుతున్నారు, సాయంత్రం ఏడింటికి, సార్ ఒక కేసు చదివి మాట్లాడండి అంటారు, మాట్లాడితే మార్కులు కూడా ఉన్నాయి, కానీ ఏం మాట్లాడాలో తెలియక కెమెరా కట్టేసి కూర్చుంటున్నానన్నావు. బాగా ఇంగ్లీషు వచ్చిన నలుగురే గంటంతా మాట్లాడతారనీ, మిగతా అందరూ హాజరు పడ్డాక మాయమవుతారనీ చెప్పావు. అది వినగానే నాకు బాధ కలిగింది. ఎందుకంటే మీ నాలుగున్నరేళ్ళ డాక్టరు చదువులో రేపు రోజూ వాడుకునే క్లాసు ఏదన్నా ఉందంటే అదే. అనాటమీ మర్చిపోతే పుస్తకం తీసి చూసుకోవచ్చు. బయట వరండాలో పేషెంటు తమ్ముడు నీ చెయ్యి పట్టుకుని "మా అన్నకి ఈ సంగతి చెప్పకండమ్మా" అని ఏడుస్తుంటే ఏ పుస్తకమూ తియ్యలేవు.

మా రోజుల్లో ఈ చర్చలే లేవు. ఫోరెన్సిక్ మెడిసిన్‌లో భాగంగా రెండు మూడు లెక్చర్లు, పరీక్షలో ఒక షార్ట్ నోట్, అంతే. 2019లో చేరిన బ్యాచ్ నుంచి దేశమంతటా కొత్త సిలబస్‌లో ఏట్‌కామ్ (వైఖరి, నైతికత, సంభాషణ) అని పెట్టి, మొదటి ఏడాది నుంచే కేసులిచ్చి పిల్లల చేత మాట్లాడించడం మొదలుపెట్టారు. మృతదేహం మనకి తొలి గురువు అన్న పాఠం నువ్వు నిరుడు చదివే ఉంటావు. ఇది చాలా మంచి మార్పు. దీన్ని మార్కుల తంతుగా పోనివ్వకు.

ఇక ఏం మాట్లాడాలీ అన్నది. మీ వాళ్ళు ప్రతి కేసుకీ అటానమీ (పేషెంటు సొంత నిర్ణయం), బెనిఫిసెన్స్ (మేలు చెయ్యడం), నాన్‌మాలెఫిసెన్స్ (కీడు చెయ్యకపోవడం), జస్టిస్ (న్యాయం) అని నాలుగు మాటలు అప్పజెబుతారన్నావు. ఆ నాలుగూ 1979లో బీచమ్, చిల్డ్రెస్ అనే ఇద్దరు అమెరికా ఆచార్యులు రాసిన పుస్తకంతో ప్రపంచమంతా పాకాయి. మంచి పనిముట్లే, కాదనను. ఏ వైపు చూడటం మర్చిపోయామో గుర్తు చేస్తాయి. కానీ వాటి పేర్లు చెప్పినంత మాత్రాన కేసు తేలదు. ప్రతి కష్టమైన కేసులోనూ ఆ నాలుగూ ఒకదానితో ఒకటి తగాదా పడుతూనే ఉంటాయి. అందుకే అది కష్టమైన కేసు. "ఇక్కడ అటానమీకీ బెనిఫిసెన్స్‌కీ మధ్య సంఘర్షణ ఉంది" అని ఆపేసినవాడు ప్రశ్నని మళ్ళీ చదివాడే గానీ జవాబు చెప్పలేదు.

నేను చెప్పేది ఒక్కటే. ఆ చర్చలో అందరూ ఉంటారు, ఆ కేసులోని మనిషి తప్ప. సార్ ఉంటారు, మీరు నూటయాభై మంది ఉంటారు. ఎవరి గర్భసంచి గురించి, ఎవరి జబ్బు గురించి, ఎవరి చావు గురించి మాట్లాడుతున్నారో వాళ్ళు మాత్రం ఉండరు. పైగా ఆన్‌లైన్లో కెమెరాలు కట్టేసి ఉంటాయి కాబట్టి ఎవరి మొహమూ కనపడదు, మాట అదుపు తప్పడం తేలిక. కాబట్టి ఆ నల్లటి గడుల్లో ఒకదాని వెనక ఆ పేషెంటే కూర్చుని వింటోందనుకో. ఆమె విన్నా నొచ్చుకోనట్టు, "నా సంగతి ఈ పిల్లకి అర్థమైంది" అనుకునేట్టు మాట్లాడు. నీ అభిప్రాయం ఆమెకి నచ్చక్కర్లేదు. తన గురించే మాట్లాడుతున్నారని మాత్రం ఆమెకి తెలియాలి.

ఇది ఎలాగో ఒక కేసుతో చెబుతాను. మన దివిసీమలో వానాకాలం వచ్చిందంటే పాముకాట్లు మామూలే. ఊడ్పులప్పుడు, నీళ్ళు పెట్టడానికి రాత్రిళ్ళు గట్ల మీద తిరిగేటప్పుడు. ఒక రాత్రి భోజనాల వేళకి ఇరవై రెండేళ్ళ కుర్రాణ్ణి తీసుకొచ్చారు. మడమ పక్కన రెండు గాట్లు, పాదం వాచిపోయి ఉంది. మోటారు సైకిల్ మీద మధ్యలో కూర్చోబెట్టుకుని వచ్చారు. వాళ్ళ బాబాయి, ఇంకో ఇద్దరు ఊరివాళ్ళు గుమ్మంలోనే నిలబడి, "ఒక సూది వేసి పంపండమ్మా, లంకలో మంత్రం వేసే ఆయన ఉన్నాడు, అక్కడికి తీసుకెళ్తాం" అన్నారు.

ఇదే కేసు మీ క్లాసులో పెడితే ఏమంటారో నాకు తెలుసు. ఒకరు "మూఢనమ్మకం" అంటారు. ఇంకొకరు "పేషెంటు తరఫువాళ్ళు వద్దంటే బలవంతం చెయ్యకూడదు, అటానమీ" అంటారు. మూడోవారు "ప్రాణం కాపాడటమే ముఖ్యం, పోలీసుల్ని పిలవాలి" అంటారు. ముగ్గురూ ఒక పని మర్చిపోతారు. మంచం మీద ఉన్నవాడు స్పృహలోనే ఉన్నాడు. వయసు వచ్చినవాడు. అతని తల మీదుగా అందరూ వాదించుకుంటున్నారే గానీ అతన్ని ఎవరూ అడగలేదు.

నేను మంత్రగాణ్ణి ఒక్క మాట అనలేదు. పొడి గాజు గొట్టాలు రెండు తెప్పించాను. కుర్రాడి చేతి నుంచి రెండు మిల్లీలీటర్ల రక్తం ఒకదాన్లో పోశాను. "బాబాయిగారూ, మీదీ కాస్త ఇవ్వండి" అంటే ఆయన తెల్లబోయి చెయ్యి చాపాడు. ఆయనది రెండోదాన్లో పోశాను. రెండు గొట్టాలూ వాళ్ళందరి కళ్ళ ముందే బల్ల మీద స్టాండులో పెట్టి, గోడ గడియారం చూపించి, ఇరవై నిమిషాలు ఎవరూ కదిలించొద్దన్నాను. ఈలోగా సెలైన్ లైను పెట్టాం, రెప్పలు వాలుతున్నాయా, మాట ముద్దగా వస్తోందా అని చూస్తూ కూర్చున్నాం. కట్లపాము, తాచు అయితే ఆ రక్తం పరీక్షలో తేడా కనపడకపోవచ్చు, నరాల మీద పనిచేస్తాయి కాబట్టి కళ్ళు చూడాలి. రక్తపింజర అయితే రక్తం గడ్డకట్టే గుణం పోతుంది. ఇరవై నిమిషాలయ్యాక మొదట బాబాయిది వంచాను. గడ్డకట్టి అడుగునే అంటుకుని ఉంది. తర్వాత కుర్రాడిది వంచాను. నీళ్ళలా జారింది.

అప్పుడు కుర్రాడి వైపు తిరిగి, "నీ రక్తం గడ్డకట్టడం మానేసింది నాన్నా. దీనికి విరుగుడు మందు ఉంది, సీసాలు సీసాలు ఎక్కించాలి. మందుకి ఒక్కోసారి ఒంటి మీద దద్దుర్లు, ఆయాసం వస్తాయి, వస్తే ఆపి చూసుకుంటాను. ఏం చేద్దాం?" అని అడిగాను. "ఎక్కించండమ్మా" అన్నాడు. బాబాయి మారు మాట్లాడలేదు. మంత్రం వేసే ఆయన్ని కావాలంటే ఇక్కడికే పిలిపించుకోండి, మందు మాత్రం ఆగదు అన్నాను. ఆ తర్వాత ఆ సంగతి వాళ్ళే ఎత్తలేదు.

చూశావా, చర్చలో "అటానమీయా, బెనిఫిసెన్సా" అని రెండుగా చీల్చుకుని కొట్టుకునేది, అక్కడ ఆ ఇరవై నిమిషాల్లో విడిగా లేనే లేదు. కాబట్టి నీ వంతు వచ్చినప్పుడు మొదట తీర్పు చెప్పకు. అడుగు. "సార్, పేషెంటు స్పృహలో ఉన్నాడా? అతన్ని అడిగారా? అతనికి అర్థమయ్యేలా చెప్పింది ఎవరు? ఆసుపత్రి ఎంత దూరం? రాత్రి బండి దొరుకుతుందా? డబ్బు ఎవరు పెడుతున్నారు?" ఇలా అడిగితే తెలివితక్కువగా కనిపిస్తానేమోనని భయపడకు. ఎథిక్స్ కేసుల్లో సగం సమాచారం అందక ముదిరినవే. నువ్వు అడిగిన ఒక్క ప్రశ్నతో క్లాసు మొత్తం దారి మారడం నీకే కనిపిస్తుంది.

మూఢనమ్మకం అన్న మాట గురించి కూడా ఒక సంగతి. 2018 ఆగస్టులో మన దివిసీమలో పాముకాట్లు ఒక్కసారిగా పెరిగినప్పుడు మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుడిలో సర్పయాగం చేశారు. పేపర్లన్నీ రాశాయి, చాలామంది నవ్వారు. నేను నవ్వలేదు. భయపడ్డ జనం ముందు తమకి తెలిసిన గుమ్మానికే వెళ్తారు. దగ్గర్లోని ప్రైమరీ హెల్త్ సెంటర్లో విరుగుడు మందు ఉందా, రాత్రిపూట డాక్టరు ఉన్నాడా, ఆ సంగతి గట్టు మీద పనిచేసేవాడికి తెలుసా అన్నది మన ప్రశ్న. ఆ మాట క్లాసులో నువ్వు అను. పేషెంటుని తక్కువ చేసి మాట్లాడేవాళ్ళకి ఎదురు చెప్పడానికి పెద్ద సిద్ధాంతం అక్కర్లేదు, ఆ మనిషి రోజు ఎలా గడుస్తుందో చెబితే చాలు.

ఇక సంతకాల సంగతి. మీకు తప్పకుండా వచ్చే కేసు ఇది, కాస్త తయారుగా ఉండు. సమీరా కోహ్లీ కేసు చదువు. నలభై నాలుగేళ్ళ పెళ్ళికాని స్త్రీ, 1995లో ఢిల్లీలో, లోపల ఏముందో గొట్టం వేసి చూడటానికి ఒప్పుకుని మత్తు తీసుకుంది. ఆమె మత్తులో ఉండగా డాక్టరు అసిస్టెంటు బయటికి వచ్చి వాళ్ళ అమ్మ చేత సంతకం పెట్టించుకున్నారు. గర్భసంచి, అండాశయాలు తీసేశారు. 2008 జనవరి 16న సుప్రీంకోర్టు చెప్పింది: చూడటానికి ఇచ్చిన అనుమతి తీసెయ్యడానికి చెల్లదు, పేషెంటు వయసొచ్చి మామూలుగా ఉన్నప్పుడు అమ్మ సంతకం ఆమె సంతకం కాదు, ప్రాణం మీదకి రాకపోతే ఆమె లేచేదాకా ఆగాల్సిందే. ఆ డాక్టరు డబ్బుకి ఆశపడి చెయ్యలేదనీ, ఆమె మంచికే అనుకుని చేసిందనీ కోర్టు కూడా ఒప్పుకుంది. అయినా ఫీజు పోగా పాతికవేల పరిహారం కట్టమంది. క్లాసులో ఈ చివరి సంగతి మీద నిలబడు. చెడ్డ డాక్టరు చేసిన తప్పు గురించి అందరూ మాట్లాడగలరు. మంచి ఉద్దేశంతో చేసిన దాంట్లో తప్పెక్కడుందో పట్టుకోవడమే మీరు నేర్చుకోవాల్సింది.

మనకి ఇది దూరపు కథ కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతం అయితే, మన ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. అన్ని రాష్ట్రాల్లోకీ మనదే ఎక్కువ. కూలి పనికి వెళ్ళే ముప్ఫై అయిదేళ్ళ మనిషి వచ్చి, "తెల్లబట్ట అవుతోందమ్మా, ఆ సంచి తీసెయ్యండి, పీడా వదిలిపోద్ది" అంటుంది. ఆమె తనంతట తానే అడుగుతోంది, సంతకం కూడా తనే పెడుతుంది. మరి అది సరైన అనుమతేనా? తియ్యకపోతే క్యాన్సర్ వస్తుందని ఆమెకి ఎవరో చెప్పి ఉంటారు. మందులతో తగ్గే దానికి ఆపరేషన్ అక్కర్లేదని ఎవరూ చెప్పి ఉండరు. అండాశయాలు కూడా పోతే ఆ వయసులోనే ఎముకలు గుల్లబారతాయని అసలే చెప్పి ఉండరు. కాగితం మీద ఆమె సంతకం ఉంది కాబట్టి ఆమె నిర్ణయం అనేస్తామా? ఇలాంటి కేసు నువ్వే క్లాసులో పెట్టమని సార్‌ని అడుగు. పుస్తకంలో ఉండే అమెరికా కేసుల కంటే ఇది మీకు పదింతలు పనికొస్తుంది.

మొగుడి సంతకం మాట కూడా వస్తుంది. మన ఆసుపత్రుల్లో అలవాటుగా అన్నిటికీ భర్త సంతకం అడుగుతారు. 1971 గర్భవిచ్ఛిత్తి చట్టం ప్రకారం పద్దెనిమిది దాటి, మానసికంగా బాగున్న స్త్రీకి ఆమె అనుమతి ఒక్కటే చాలు. ఇంకోపక్క 2002 మెడికల్ కౌన్సిల్ నియమావళి, పిల్లలు పుట్టే అవకాశం పోయే ఆపరేషన్‌కి భార్యాభర్తలిద్దరి అనుమతీ కావాలంటుంది. చట్టం ఒక మాట, నియమావళి ఇంకో మాట, వార్డులో అలవాటు మూడో మాట. ఈ మూడిట్లో ఏది ఏదో విడమరిచి చెప్పగలిగితే క్లాసుకి పెద్ద ఉపకారం చేసినట్టే.

ఖమ్మం సంగతి నీకు తెలుసో లేదో, నువ్వప్పుడు చిన్నపిల్లవి. తెలుగు డాక్టర్లందరూ తెలుసుకోవాల్సిన కేసు. 2009 జూలైలో, మన ఉమ్మడి రాష్ట్రంలో, ఖమ్మం జిల్లాలో పది నుంచి పధ్నాలుగేళ్ళ ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన పరిశీలన అది. సుమారు పద్నాలుగు వేల మంది పిల్లలు. వాళ్ళలో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్ళలో ఉండే గిరిజన బిడ్డలు. గుజరాత్‌లోని వడోదరలో కూడా ఇలాగే జరిగింది. పిల్లల మరణాల వార్తలు రావడంతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. విచారణలో మన రాష్ట్రానికి చెందిన 9,543 అనుమతి పత్రాలు చూస్తే 1,948 మీద వేలిముద్రలు ఉన్నాయి, 2,763 మీద హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టి ఉన్నారు. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం చాలా కటువుగా నివేదిక ఇచ్చింది.

ఇప్పుడు జాగ్రత్తగా విను. ఆ మరణాలకి టీకాతో సంబంధం ఉన్నట్టు విచారణ సంఘానికి కనపడలేదు. ఆ టీకా మంచిదే, ప్రపంచంలో ఎన్నో దేశాల్లో వేస్తున్నారు, మన ఆడపిల్లలకి కావాల్సిందే. అయినా ఆ వార్డెన్ల సంతకాలు చెల్లవు. ఈ రెండూ ఒకేసారి నిజం. క్లాసులో ఏం జరుగుతుందంటే ఒకరు "టీకా మంచిది కాబట్టి పోనీలే" అంటారు, ఇంకొకరు "అలా సంతకాలు పెట్టించారు కాబట్టి టీకాయే మోసం" అంటారు. పని మంచిదా అన్నది ఒక ప్రశ్న. ఆ పని చేసిన తీరు న్యాయమా అన్నది ఇంకో ప్రశ్న. రెండిటినీ కలిపేసి వాదించుకుంటున్నప్పుడు నువ్వు మైకు ఆన్ చేసి, "సార్, ఇక్కడ రెండు ప్రశ్నలున్నాయి, విడిగా మాట్లాడుకుందామా" అను. ఇంకేమీ అనకపోయినా ఆ రోజుకి చాలు. ఆ తర్వాత, వినేవాళ్ళలో ఆ హాస్టల్ పిల్ల కూడా ఉందనుకుని ఆలోచించు. "మా అమ్మానాన్న పోడు చేసుకుంటూ కొండ మీద ఉన్నారు, మా వార్డెనే సంతకం పెట్టింది, నన్నెవరూ అడగలేదు" అని ఆ పిల్ల అంటే మీరేం జవాబు చెబుతారు? పట్నంలో కాన్వెంటు పిల్లల దగ్గరికి వెళ్తే ప్రిన్సిపాల్ సంతకంతో సరిపెట్టేవాళ్ళా? మీరు జస్టిస్ అంటున్నది ఈ ప్రశ్ననే.

రహస్యం గురించి గట్టిగా చెప్పాలి. రేపు క్లినికల్ పోస్టింగులు మొదలయ్యాక మీరు చూసిన కేసులే చర్చకి తెస్తారు. పేరు చెప్పకపోతే చాలనుకుంటారు. చాలదు. "నాగాయలంక దగ్గర రొయ్యల చెరువు కాపలాదారు, యాభై ఏళ్ళు, ఒక చెయ్యి లేదు, హెచ్‌ఐవీ పాజిటివ్" అని నువ్వు అన్నావనుకో, ఈ సీమలో పుట్టినవాడెవడైనా ఆ మనిషి ఎవరో చెప్పేస్తాడు. మీ బ్యాచ్‌లో మచిలీపట్నం వాళ్ళున్నారు, గుడివాడ వాళ్ళున్నారు, అవనిగడ్డ వాళ్ళూ ఉంటారు. పైగా క్లాసు రికార్డవుతుంది. ఎవడో స్క్రీన్ ఫోటో తీసి గ్రూపులో పెడతాడు. అందుకని నిర్ణయం దేని మీద ఆధారపడుతుందో అది మాత్రం ఉంచు, మిగతాది మార్చెయ్యి. చెయ్యి లేకపోవడానికీ ప్రశ్నకీ సంబంధం లేకపోతే చెయ్యి మాట ఎత్తకు. ఊరు అక్కర్లేదు, కులం అసలే అక్కర్లేదు. ఎక్స్-రే మూల పేరు, ఐపీ నంబరు చెరిపావా లేదా చూసుకో. వెనకాల మీ రూమ్మేటు, వాళ్ళమ్మగారు వినేలా స్పీకర్ పెట్టకు, ఇయర్‌ఫోన్లు పెట్టుకో.

ఎప్పుడూ రహస్యమేనా అని ఎవరో అడుగుతారు. ఎప్పుడూ కాదు. 1998లో సుప్రీంకోర్టు ముందుకి ఒక కేసు వచ్చింది. పేషెంటు పేరు తెలియకుండా మిస్టర్ ఎక్స్ అనీ, ఆసుపత్రిని హాస్పిటల్ జెడ్ అనీ రాశారు. అతను స్వయానా డాక్టరు. హెచ్‌ఐవీ ఉందన్న సంగతి బయటపడి పెళ్ళి ఆగిపోయింది. పెళ్ళికూతురి ప్రాణం కంటే అతని రహస్యం గొప్పది కాదంది కోర్టు. 2017లో వచ్చిన హెచ్‌ఐవీ చట్టం మాత్రం, భాగస్వామికి ఎప్పుడు, ఎవరు, ఎలా చెప్పాలో పద్ధతి పెట్టింది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చదువు.

"ఆయనకి చెప్పకండి" అన్నది మన వైపు ప్రతి ఇంట్లోనూ వినపడే మాట. మీ క్లాసులో దీన్ని తేల్చేస్తారు: పేషెంటు హక్కు, చెప్పెయ్యాలి. నేను అంత తేలిగ్గా చెప్పలేను. కొడుకులు దాచమనేది ప్రేమతోనే. కానీ తండ్రికి పొలం రాసివ్వాల్సింది ఉండొచ్చు, కూతురి పెళ్ళి ముందుకి జరపాలనుండొచ్చు, ఒకసారి తిరుపతి వెళ్ళిరావాలని ఉండొచ్చు. మనం దాచేది ఒక్క జబ్బు పేరే కాదు, ఆ మిగిలిన రోజుల్ని కూడా. నేను చేసేదేమిటంటే పేషెంటునే అడుగుతాను. "పెద్దాయనా, రిపోర్టులు వచ్చాయి. నీకు చెప్పనా, అబ్బాయికి చెప్పనా?" కొందరు "వాడికే చెప్పమ్మా" అంటారు. అది కూడా ఆయన నిర్ణయమే, దాన్ని గౌరవిస్తాను. చాలామంది "నాకే చెప్పు" అంటారు. వాళ్ళకి అప్పటికే సగం తెలిసి ఉంటుంది. ఈ కేసు వచ్చినప్పుడు మీ ఇంట్లో తాతయ్య విషయంలో ఏం జరిగిందో నీకు తెలుసు కదా. ఆ సంగతి క్లాసులో చెప్పాలా వద్దా అన్నది నీ ఇష్టం, మీ అమ్మని అడిగి చెప్పు. అది ఆమె దుఃఖం కూడా.

క్లాసులో కూర్చునే పద్ధతి గురించి నాలుగు మాటలు. కేసు ముందు రోజే పంపుతారన్నావు, అయితే చదివి చేత్తో మూడు వాక్యాలు రాసుకో: నేనైతే ఏం చేస్తాను, దానివల్ల ఎవరికి నష్టం, ఏ సంగతి తెలిస్తే నా మాట మార్చుకుంటాను. మూడోది అన్నిటికంటే ముఖ్యం. అది రాసుకున్నవాళ్ళు ఎదుటివాళ్ళ మాట వినగలుగుతారు. ఈమధ్య పిల్లలు కేసుని ఫోన్‌కి ఇచ్చి జవాబు రాయించుకుని చదివేస్తున్నారట. అది చక్కగానే ఉంటుంది, కానీ సార్ "మరి ఆమె ఒప్పుకోకపోతే?" అని ఒక్క ప్రశ్న వేస్తే చదివేవాడు ఆగిపోతాడు. రేపు వార్డులో నిన్ను అడిగేదీ ఆ రెండో ప్రశ్నే. ఇంగ్లీషు తడబడితే తడబడనీ. పేషెంటు అన్న మాటని మాత్రం తెలుగులో, ఆమె అన్నట్టే చెప్పు, ఆ తర్వాత నీ మాట నీకు వచ్చిన భాషలో చెప్పు. నీ కంటే ముందు మాట్లాడినవాళ్ళని తోసెయ్యకుండా, "ఫలానా అతను డబ్బు సంగతి అన్నాడు, నేను దానికి ఇది కలుపుతాను" అని మొదలుపెట్టు. కెమెరా తెరువు, కనీసం నువ్వు మాట్లాడేటప్పుడన్నా. సార్ మాటతో విభేదిస్తే మర్యాదగా చెప్పు, వెనక మెసేజుల్లో నవ్వుకోవడం మాత్రం వద్దు. మూడు వారాలుగా మాట్లాడని పిల్ల ఎవరన్నా ఉంటే ఆమెని నువ్వే అడుగు. ఆమెకి వాళ్ళ ఊళ్ళో చూసినది ఏదో ఉంటుంది, ఎవరూ అడగలేదంతే.

వచ్చే వారం వెంకటేశ్ కేసన్నావు. 2004 డిసెంబరులో హైదరాబాద్‌లో జరిగింది, నాకు బాగా గుర్తు. పాతికేళ్ళ కుర్రాడు, చదరంగం ఆటగాడు. డుషెన్ మస్క్యులర్ డిస్ట్రఫీతో కండలన్నీ చచ్చుబడి వెంటిలేటర్ మీద ఉన్నాడు. నేనెలాగూ బతకను, అవయవాలు పాడుకాక ముందే తీసుకుని ఎవరికైనా పెట్టండి అన్నాడు. తల్లి సుజాత అతని కోరిక పట్టుకుని హైకోర్టుకి వెళ్ళింది. 1994 అవయవ మార్పిడి చట్టం ప్రకారం అలా అవయవాలన్నీ తియ్యాలంటే బ్రెయిన్ డెత్ అయి ఉండాలి కాబట్టి కోర్టు ఒప్పుకోలేదు. డిసెంబరు 17న వెంకటేశ్ పోయాడు. కళ్ళు మాత్రం దానం చెయ్యగలిగారు. 2022లో వచ్చిన సలామ్ వెంకీ సినిమా ఆ కథే. మీలో సగం మంది అది చూసి వచ్చి ఏడుస్తూ మాట్లాడతారు. ఏడవడం తప్పు కాదు. కానీ నువ్వు ఆ రోజు కోర్టు పక్షాన నిలబడి వాదించు. బతికున్న మనిషి దగ్గర ప్రాణం పోయేలా అవయవాలు తీసుకోవడానికి ఒక్కసారి తలుపు తెరిస్తే, ఆ తలుపులోంచి రేపు ఎవరెవర్ని తోస్తారో ఆలోచించు. వెంకటేశ్ లాంటి ధీరుడొక్కడే వస్తాడా, అప్పుల్లో ఉన్న ఇంట్లో మంచాన పడ్డ ముసలమ్మ కూడా వస్తుందా? అదంతా వాదించాక, వెంకటేశ్ వింటున్నాడనుకుని అతనికి జవాబు చెప్పు. బతికే ఆశ లేనివాళ్ళకి వైద్యం ఆపడం గురించి 2011లో అరుణా శాన్‌బాగ్ తీర్పు, 2018లో కామన్ కాజ్ తీర్పు వచ్చాయి. వాటి ప్రకారం అతను ఇవాళ అడిగి ఉంటే ఏ భాగం ఒప్పుకునేవారో, ఏ భాగం ఇప్పటికీ ఒప్పుకోరో విడదీసి రాసుకో. ఆ రెండు తీర్పులూ నా దగ్గర ప్రింటు తీసి ఉన్నాయి, మీ నాన్న సోమవారం ఇటు వస్తే ఇచ్చి పంపుతాను. పక్కన పెన్సిలుతో రాసుకున్నవి నా గోలే, నీకు నచ్చకపోతే కొట్టేసి నీది రాసుకో.

క్లాసు అవగానే ఫోన్ చెయ్యి. తొమ్మిది దాటితే ఓపీ ఉండదు. నువ్వేమన్నావో, ఎవరు కాదన్నారో అంతా చెప్పాలి. హాస్టల్లో భోజనం సరిగ్గా లేదని మీ అమ్మ బాధపడుతోంది, కందిపొడి, ఆవకాయ కూడా వాటితోనే పంపుతున్నాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ